పెద్ద సంఖ్యలను విడగొట్టడం – 5వ పాఠం: 641 దొరికే దారి

ఒక సంఖ్యను వర్గం చేసి భాగించినా, ముందే భాగించి ఆ శేషాన్ని వర్గం చేసి మళ్ళీ భాగించినా చివరికి మిగిలేది ఒకటేనని పోయిన పాఠంలో చూశాం. ఈ పాఠంలో ఆ ఒక్క సూత్రంతో 4294967297ను విడగొడదాం. కాగితం, పెన్ను చాలు. కాలిక్యులేటర్ తీయకండి, తీస్తే ఇందులోని ఆనందమంతా పోతుంది.

2, 4, 16, 256, 65536 అని వర్గాలు చేసుకుంటూ పోయి, ఒక్కోదానికి 1 కలపండి. 3, 5, 17, 257, 65537 వస్తాయి. అయిదూ ప్రధాన సంఖ్యలే. ఆ వరుసలో తర్వాతిదే మన సంఖ్య, అంటే 2³² + 1. ఇదీ ప్రధాన సంఖ్యేనని 1640 ప్రాంతంలో ఫ్రెంచ్ గణితవేత్త ఫెర్మా నమ్మాడు. కాదని 1732లో స్విస్ గణితవేత్త ఆయిలర్ చూపించాడు.

గుడ్డిగా వెతికితే 65536 లోపున్న 6542 ప్రధాన సంఖ్యలతోనూ భాగించి చూడాలి. అంత శ్రమ అక్కర్లేదు. p అనే ప్రధాన సంఖ్య మన సంఖ్యను నిశ్శేషంగా భాగిస్తుందనుకోండి. అప్పుడు 2³²ను pతో భాగిస్తే శేషం −1, అంటే p గుణిజానికి ఒకటి తక్కువ. దాన్ని వర్గం చేస్తే 2⁶⁴కు శేషం 1. అంటే 2 ఘాతాల శేషాలు సరిగ్గా 64 అడుగులకోసారి మొదటికొస్తాయి. అంతకంటే ముందే వస్తే, 64ను భాగించే ఆ చిన్న ఆవృత్తి 32ను కూడా భాగించాలి, అప్పుడు 32వ అడుగులో −1 బదులు 1 ఉండాలి. ఇక 2 ఘాతం (p−1)కు శేషం 1 అని ఫెర్మా చిన్న సిద్ధాంతం చెబుతోంది. కాబట్టి p−1 తప్పకుండా 64 గుణిజం. ఇక్కడికి వచ్చిన ప్రతిసారీ నేను కాసేపు ఆగిపోతాను. ఆయన నమ్మకాన్ని తప్పని తేల్చే తాళంచెవి ఆయన సిద్ధాంతమే!

64 గుణిజాలకు 1 కలిపి, వాటిలో ప్రధాన సంఖ్యలను మాత్రం ఉంచుకోండి: 193, 257, 449, 577, 641. అయిదో ప్రయత్నంలోనే పని అయిపోతుంది.

ముందుగా 257. 2⁸ = 256, శేషం −1. వర్గం చేస్తే 2¹⁶కు 1, ఇంకోసారి చేస్తే 2³²కూ 1. దానికి 1 కలిపితే 2, సున్నా కాదు. వదిలేద్దాం.

ఇప్పుడు 641. ఇది నెమ్మదిగా చేయండి. 2¹⁶ = 65536. 641 × 102 = 65382, తీసేస్తే శేషం 154. 154ను వర్గం చేస్తే 23716. 641 × 37 = 23717. ఒక్కటి తక్కువ! అంటే 2³²కు శేషం −1. దానికి 1 కలిపితే సున్నా. పది అంకెల సంఖ్య రెండు చిన్న భాగాహారాలకు లొంగిపోయింది.

4294967297 = 641 × 6700417

గుణించి సరిచూసుకోండి.

అభ్యాసం: 193, 449, 577లతో ఇదే పద్ధతిలో మన సంఖ్యకు శేషాలు కట్టండి. వరుసగా 109, 325, 288 రావాలి. 449 దగ్గర 2¹⁶కు శేషం 431 వస్తుంది. దాన్ని −18గా రాసుకుంటే వర్గం చేయడం తేలిక. ఈ అలవాటు లేకనే చాలామంది పెద్ద గుణకారాల్లో చిక్కుకుంటారు.

6700417 ప్రధాన సంఖ్యే. కానీ ఆ మాట నమ్మి ఊరుకోవద్దు. దాని వర్గమూలం 2589 లోపే. దానికి ఏ కారణాంకం ఉన్నా అది మన సంఖ్యకూ కారణాంకమే కనుక పై జల్లెడే ఇక్కడా పనిచేస్తుంది. 6వ పాఠంలో ఆ జల్లెడ కన్నాలను ఇంకా సన్నం చేసి, 64 స్థానంలో 128 పెట్టి, అయిదు భాగాహారాలతో దాన్ని రుజువు చేద్దాం.