పంప్ తుపాకీకి బట్ మార్చాక మొరాయిస్తోందా? తూటాలను తిట్టే ముందు బోల్టు చూడండి

తిరుపతిలో బ్యాంకు గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని కూర్చునే గన్‌మ్యాన్లు, క్యాష్ వ్యాన్లలో తిరిగేవాళ్ళు, పలమనేరు, కుప్పం వైపు పంటల కాపలాకని లైసెన్సు తీసుకున్న రైతులు, మా తుపాకుల రిపేరు కొట్టుకి వచ్చే అందరిదీ ఒకటే మాట: "తుపాకీ పొడుగైపోయింది, అడ్డం పడుతోంది, మడత బట్ వేసెయ్." బట్ అంటే తుపాకీ వెనక భుజానికి ఆనించే భాగం. పంప్ తుపాకీ అంటే ముందు పిడిని వెనక్కీ ముందుకీ లాగితే తూటా ఎక్కేది. మడత బట్ వేయించుకున్న కొన్ని వారాలకే మళ్ళీ వస్తారు. ఒకరికి చెంప వాచి ఉంటుంది. ఇంకొకరి తుపాకీలో ఖాళీ తూటా లోపలే ఇరుక్కుని ఉంటుంది. తూటాల ఫ్యాక్టరీని తిడతారు, స్ప్రింగు మార్చమంటారు, కొత్త పెట్టె తూటాలు కొంటారు. బట్ వెనక రబ్బరు ప్యాడ్ విప్పి లోపలి బోల్టు చూశారా అని అడిగితే మాత్రం చూసినవాడు ఒక్కడూ ఉండడు.

తుపాకీ ఖాళీ చేయడం, చాంబర్‌లోనూ (తూటా పేలే చోటు) మ్యాగజైన్ గొట్టంలోనూ (తూటాలు వరసగా నింపే చోటు) ఏమీ లేదని కళ్ళతో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోవడం మీకు తెలిసిందే అనుకుని మొదలుపెడుతున్నాను. విప్పి బిగించే పని మాత్రం లైసెన్సున్న కొట్టులోనే చేయించండి. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం రిపేరు చేయడానికి కూడా లైసెన్సు ఉండాలి. బారెల్ కోసి పొట్టి చేయమని అడిగేవాళ్ళూ వస్తుంటారు. దానికి 6వ సెక్షన్ వేరే ఉంది. ఆ బేరం మా దగ్గర లేదు.

భుజం కమిలిపోతోంది, చెంప మీద కొడుతోంది

తూటా బలం ఎక్కువైందని అనుకుంటారు. నూటికి తొంభై పాళ్ళు కాదు. బట్ పొడవు మనిషికి సరిపోలేదు.

ట్రిగ్గర్ నుంచి బట్ చివరి దాకా ఉండే దూరమే ఇక్కడ లెక్క. పేరున్న అమెరికన్ పంప్ తుపాకుల్లో అది 14 అంగుళాల దరిదాపుల్లో ఉంటుంది. చలికాలం మందపాటి కోటు తొడుక్కునే ఆరడుగుల మనిషికి అది బాగానే ఉంటుంది. అయిదడుగుల అయిదంగుళాల మనవాడు పల్చటి యూనిఫాం చొక్కాలో దాన్ని ఎత్తితే బట్ భుజం గుంటలో కుదరక చేతి కండ మీదికి జారుతుంది. ముందుచెయ్యి చాలక మెడ ముందుకు చాస్తాడు. అప్పుడు పేలిస్తే భుజానికీ దెబ్బే, చెంపకీ దెబ్బే.

కొలవడం చాలా తేలిక. మోచేతిని సరిగ్గా లంబంగా మడిచి, మోచేతి లోపలి మడత నుంచి చూపుడు వేలి మొదటి కణుపు దాకా టేపు పెట్టండి. మీకు కావలసిన పొడవు దాదాపు అదే. తర్వాత ఖాళీ తుపాకీని భుజానికి ఎత్తి చూడండి. ముక్కుకీ, బట్ మెడ (ట్రిగ్గర్ వెనక చేత్తో పట్టే సన్న భాగం) మీదున్న బొటనవేలికీ మధ్య రెండు వేళ్ళు పట్టేంత సందు ఉంటే చాలు. సందు అంతకంటే బాగా ఎక్కువుంటే బట్ పొడుగు. బొటనవేలు ముక్కుకి తగులుతుంటే మరీ పొట్టి. బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ వేసుకునేవాళ్ళు దాన్ని వేసుకునే చూడాలి. అది ఒక అంగుళం దాకా తినేస్తుంది.

మా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామందికి పన్నెండున్నర నుంచి పదమూడు అంగుళాల మామూలు పొట్టి బట్, దాని వెనక మంచి మందపాటి రబ్బరు ప్యాడ్ ఉంటే సరిపోతుంది. మడత అవసరమే లేదు. ఇది చెబితే ముఖం మాడ్చుకుంటారు, ఎందుకంటే మడత బట్ చూడడానికి దర్జాగా ఉంటుంది. కానీ సన్న ఇనుప కమ్మీలతో చేసిన మడత బట్‌కి చెంప ఆనించే చోటు ఉండదు. భుజానికి తగిలే భాగం ఇరుకు. చెక్క బట్ తీసేశాక తుపాకీ బరువు తగ్గితే ఇంకా గట్టిగా తన్నుతుంది. చెంప వాచిందని వచ్చేవాడి తుపాకీకి నూటికి తొంభై సార్లు ఇదే ఉంటుంది.

రెండు షిఫ్టుల వాళ్ళు ఒకే తుపాకీ వాడే చోట, ఒకడు పొడుగు, ఒకడు పొట్టి అయితే, మెట్లు మెట్లుగా జరిపే బట్ కొనండి. దానికి డబ్బు పెట్టినా న్యాయమే.

పంప్ పూర్తిగా వెనక్కి రావడం లేదు, ఖాళీ తూటా బయట పడడం లేదు

ఇది అసలు తలనొప్పి. ఎందుకంటే ఈ లక్షణం చూసి బట్ మీద ఎవరికీ అనుమానం రాదు.

ఫోరెండ్‌ని, అంటే బారెల్ కింద చేత్తో పట్టి లాగే పిడిని, వెనక్కి లాగినప్పుడు లోపలి బ్రీచ్ బోల్టు (బట్ బోల్టు కాదు, తూటా వెనక మూసి ఉంచే దిమ్మె) రిసీవర్ (తుపాకీ నడిమి పెట్టె) వెనక గోడ దాకా వస్తుంది. ఆ ప్రయాణం చివర్లోనే ఖాళీ తూటా ఎజెక్టర్‌కి (దాన్ని బయటికి నెట్టే ముక్కకి) తగిలి బయటికి ఎగురుతుంది. మ్యాగజైన్ నుంచి కొత్త తూటా విడుదలయ్యేది కూడా ఆ చివర్లోనే. అంటే ఆఖరి రెండు మూడు మిల్లీమీటర్లు రాకపోతే పాతది పోదు, కొత్తది రాదు. మనిషి పంప్‌ని సగమే లాగి వదిలేసినా అచ్చం ఇలాగే ఉంటుంది. అందుకే నింద గన్‌మ్యాన్ మీద పడుతుంది.

గాంధీ రోడ్డు వైపు ఒక నగల కొట్టు గన్‌మ్యాన్, మిలటరీలో చేసి రిటైరైన పెద్దాయన, తుపాకీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. "సామీ, నా చేతిలో బలం తగ్గిపోయిందంటున్నాడు మా ఓనరు. ఇంకో మనిషిని పెట్టుకుంటానంటున్నాడు. నువ్వు చూసి చెప్పు." అప్పటికే వేరేచోట ఎక్స్‌ట్రాక్టర్ (తూటాని చాంబర్ నుంచి లాగే కొక్కెం) మార్చారు, మ్యాగజైన్ స్ప్రింగు మార్చారు, కొత్త తూటాలు కొన్నారు. అంతకుముందే చెక్క బట్ తీసి మడత బట్ వేశారు, కానీ ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆయన చేతిలో బలానికేం లోటు లేదు. పాత చెక్క బట్ తెప్పించి రబ్బరు ప్యాడ్ విప్పి, లోతు కన్నంలోకి టార్చి వేస్తే, అడుగున గ్రీజు ముద్దలో ఒక వాషర్, ఒక స్ప్రింగ్ వాషర్ అతుక్కుని ఉన్నాయి.

సంగతంతా అదే. బట్‌ని రిసీవర్‌కి పట్టి ఉంచేది ఒక పొడవాటి బోల్టు. అది బట్ లోపల కన్నం గుండా పోయి రిసీవర్ వెనక గోడలోకి దిగుతుంది. దాని తల కింద వాషర్లు ఉంటాయి. పాత బట్ తీసేటప్పుడు బోల్టు చేతికొస్తుంది, వాషర్లు మాత్రం గ్రీజుకి అంటుకుని కన్నం అడుగునే ఉండిపోతాయి. కొత్త బట్‌కి అదే బోల్టు వాషర్లు లేకుండా బిగిస్తే, వాషర్ల మందమంత ఎక్కువ లోపలికి దిగుతుంది. దాని మొన రిసీవర్ లోపలికి పొడుచుకొచ్చి, వెనక్కొచ్చే బ్రీచ్ బోల్టుకి అడ్డం నిలబడుతుంది. మడత బట్‌తో వచ్చే అడాప్టర్ దిమ్మె పాత చెక్క మెడ కంటే పల్చగా ఉన్నా ఇదే గతి. కొన్నిసార్లు కొత్త బట్‌తో ఇచ్చిన బోల్టే పొడుగుగా ఉంటుంది, ఎందుకంటే అదే బట్‌ని నాలుగు రకాల తుపాకులకని అమ్ముతుంటారు.

ఇంకో మోసం కూడా ఉంది. బిగించిన రోజు అంతా బాగుంటుంది. తర్వాత ఎండాకాలం వస్తుంది. మన తిరుపతి మే నెల సంగతి తెలుసు కదా, వేసింది చెక్క బట్ అయితే ఎండి కాస్త కుంచించుకుంటుంది, బట్ వదులవుతుంది. ఎవరో ఒకరు స్క్రూడ్రైవర్ పెట్టి ఇంకో అర చుట్టు బిగిస్తారు. ఆ అర చుట్టుతోనే మొన లోపలికి తొంగిచూస్తుంది. బట్ మార్చింది ఎప్పుడో, పంప్ పట్టేసింది ఇప్పుడు, కాబట్టి రెండింటికీ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు. మొన అంచున ఉన్నప్పుడు ఒక తూటా ఎగురుతుంది, ఒకటి ఎగరదు. అలా అప్పుడప్పుడూ వచ్చే రోగం ఇంకా ఎక్కువ తిప్పలు పెడుతుంది.

తేల్చుకునే పద్ధతి ఇది, కొట్టులోనే చేయించండి. బట్ పూర్తిగా తీసేయండి. తుపాకీ ఖాళీగా ఉందని మరోసారి చూసుకుని, ఫోరెండ్‌ని ఎంతవరకు వస్తే అంతవరకు వెనక్కి లాగండి. ఫోరెండ్ ముందు అంచు ఎక్కడ ఆగిందో మ్యాగజైన్ గొట్టం మీద ఒక సన్న ముక్క ఇన్సులేషన్ టేపు అతికించి గుర్తు పెట్టండి. ఇప్పుడు బట్ బిగించి మళ్ళీ లాగండి. టేపు దగ్గరికి వచ్చి ఆగితే బోల్టు తప్పేం లేదు. టేపుకి ఒక బియ్యపు గింజంత దూరంలో ఆగిపోయినా సరే, దొంగ దొరికినట్టే. బోల్టుని ఒక చుట్టు వదులు చేసి చూస్తే ఫోరెండ్ టేపు దాకా వస్తుంది, ఇక అనుమానం ఉండదు.

సరిచేయడానికి మొదట పాత బట్‌లో ఇరుక్కున్న వాషర్లు వెతికి తీసి వాటి స్థానంలో పెట్టండి. అప్పటికీ మొన పొడుచుకొస్తే సరైన పొడవున్న బోల్టు వేయండి. దొరకకపోతే ఉన్నదాన్ని బల్ల మీద వైస్‌లో పెట్టి కోసి, చివర మర సరిచేసి వాడొచ్చు. కానీ వాషర్ మీద వాషర్ పేర్చుకుంటూ పోకండి. అలా చేస్తే బోల్టు రిసీవర్‌లో రెండు మరలే పట్టుకుని ఉంటుంది, నాలుగు రౌండ్లు పేలిస్తే ఊడుతుంది. బోల్టు ఎంత లావుంటుందో కనీసం అంత లోతు మర లోపల పట్టి ఉండాలి. రిసీవర్ అల్యూమినియంది అయితే ఇంకొంచెం లోతు కావాలి. అమెరికన్ పంప్ తుపాకుల్లో మాస్‌బర్గ్ 500 రిసీవర్ అల్యూమినియం, రెమింగ్టన్ 870ది ఉక్కు. అల్యూమినియం దాన్ని పెద్ద స్పానరుతో ఒళ్ళు తెలియకుండా బిగిస్తే మర కొట్టేస్తుంది, ఆ ఖర్చు ముందు కొత్త బట్ ఖర్చు ఏమూలకు.

బట్ ఊగుతోంది

ఊగేది బోల్టు దగ్గరా, మడత కీలు దగ్గరా అనేది ముందు తేల్చుకోండి. రిసీవర్ని ఒక చేత్తో, కీలు ముందున్న దిమ్మెని ఇంకో చేత్తో పట్టుకుని కదపండి. అక్కడ కదిలితే బోల్టు వదులైంది, స్ప్రింగ్ వాషర్ ఉందో లేదో చూసి బిగించండి. బిగించాక పైన చెప్పిన టేపు పరీక్ష మరచిపోవద్దు. అక్కడ గట్టిగా ఉండి, వెనక బట్ మాత్రమే పైకీ కిందికీ ఆడితే కీలు పిన్ను అరిగింది. మధ్యలో రేకు ముక్క దోపి నడిపించే తెలివి వద్దు. లాక్ పట్టు వదిలిన బట్ పేలిన క్షణంలో మడుచుకుంటుంది. కీలు మార్చండి, లేదా ఆ బట్‌నే తీసేయండి.

మడిచాక సైట్ కనబడదు, సేఫ్టీ అందదు

ఇది చెడిపోవడం కాదు, కొనేటప్పుడు చూసుకోకపోవడం. పైకి మడిచే బట్ రిసీవర్ మీద పడుకుంటుంది, సైట్‌ని (గురి చూసే గుర్తుని) కప్పేస్తుంది. పక్కకి మడిచేదైతే ఎడమ వైపుకి మడిచేదే తీసుకోండి. 870 లాంటివి ఖాళీ తూటాని కుడి వైపు నుంచి విసురుతాయి, బట్ ఆ కిటికీకి అడ్డం పడకూడదు. మాస్‌బర్గ్‌ల సేఫ్టీ (తుపాకీ పేలకుండా ఆపే మీట) రిసీవర్ వెనక, పైభాగంలో ఉంటుంది. మామూలు బట్‌కి అది బొటనవేలి కిందికే వస్తుంది. దానికి పిస్టల్ గ్రిప్పున్న మడత బట్ వేస్తే పట్టు వదిలి చెయ్యి పైకి జరిపితే గానీ సేఫ్టీ అందదు. 870కి ట్రిగ్గర్ వెనక అడ్డంగా బటన్ ఉంటుంది కాబట్టి ఆ ఇబ్బంది లేదు. సరైన అడాప్టర్ లేకుండా ఒక మోడల్ బట్ ఇంకో మోడల్‌కి పట్టదు. "కాస్త ఆకురాయి పెడితే కూర్చుంటుంది" అని అమ్మేవాడు అన్నాడంటే ఇంకో కొట్టు చూసుకోండి.

క్యాష్ వ్యాన్‌లో ఎక్కి దిగేటప్పుడు మడత వల్ల కొంత సుఖం ఉన్న మాట నిజమే. అయితే డ్యూటీలో దిగి నిలబడేటప్పుడు బట్ తెరిచి, లాక్ పడిన చప్పుడు విని, ఒకసారి ఊపి చూసుకోవాలి. మడిచిన బట్‌తో గురి కుదరదు.

మిగతావి

ఎజెక్టర్ అరగడం, యాక్షన్ బార్ (ఫోరెండ్‌ని బ్రీచ్ బోల్టుకి కలిపే కమ్మీ) వంగడం, మ్యాగజైన్ స్ప్రింగు చచ్చిపోవడం, బెల్టు లూపుల్లో ఏళ్ళ తరబడి నలిగి ఉబ్బిన తూటా. ఇవీ ఉంటాయి, కానీ అరుదు. ఉబ్బిన తూటా అయితే చాంబర్‌లోకి వెళ్ళడానికే మొరాయిస్తుంది, చూడగానే తెలిసిపోతుంది, దాన్ని పక్కన పెట్టేయండి. మిగిలిన మూడింటికి తుపాకీ మొత్తం విప్పాలి. టేపు పరీక్ష అయ్యాకే వాటి జోలికి పోండి.

బట్ మార్చిన తర్వాత డమ్మీ తూటాలు మ్యాగజైన్ నిండా నింపి, మామూలు వేగంతో పంప్ చేసి అన్నీ బయట పడుతున్నాయో లేదో కొట్టులోనే చూపించమనండి. మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి. తీసేసిన పాత బట్‌తోపాటు పాత బోల్టు, రెండు వాషర్లు కూడా అడిగి తీసుకుని ఒక కవర్లో వేసి లైసెన్సు కాపీతో పాటు పెట్టుకోండి. వాషర్లు ఇవ్వకుండా బట్ మాత్రమే చేతిలో పెడితే, దాని కన్నంలోకి టార్చి వేసి చూశాకే డబ్బులివ్వండి.