డీటీఎస్ చూపే డిగ్రీని ఎంతవరకు నమ్మాలి? ఐసు పెట్టెతో తేల్చుకోండి

భూగర్భ కరెంటు కేబుల్ పక్కన ఆప్టికల్ ఫైబర్ వేసి, అందులో వెనక్కి చెదిరే వెలుగుతో పొడవునా వేడి కొలిచే రామన్ డీటీఎస్ (డిస్ట్రిబ్యూటెడ్ టెంపరేచర్ సెన్సింగ్) యంత్రాల బ్రోషర్లలో 0.1 డిగ్రీ అని కనిపిస్తుంది. చాలాసార్లు అది రీడింగు ఎంత ఊగుతుందో చెప్పే అంకె మాత్రమే, అసలు ఉష్ణోగ్రతకు ఎంత దగ్గరో చెప్పేది కాదు. ఎంత దూరంలో, ఎన్ని నిమిషాల సగటుకు అన్నది ఏ మూలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. సైటులో తేల్చుకోవడమే మేలు.

మూతలున్న రెండు థర్మోకోల్ పెట్టెలు, నలగ్గొట్టిన ఐసు, నీళ్లు, చేపల తొట్టిలో వాడే చిన్న పంపులు, క్యాలిబ్రేట్ చేసిన పీటీ100 ప్రోబులు (ప్లాటినం థర్మామీటర్లు) చాలు. లైను మొదట్లో ఒక పెట్టె, చివర ఒకటి. ఒక్కోదాంట్లో 20 మీటర్ల ఫైబర్‌ను జానెడు వెడల్పున వదులుగా చుట్టి ముంచండి. తిరుపతి మే ఎండలో ఐసు నిలవదు, తెల్లవారుజామునే మొదలుపెట్టండి. పంపు మానొద్దు: నీళ్లు కదలకపోతే పైన సున్నా ఉన్నా, బరువైన 4 డిగ్రీల నీరు అడుగున చేరుతుంది. అప్పుడు పెట్టెలో ఉన్న తేడాను యంత్రం మీద వేస్తారు.

గంటసేపు రికార్డు చేయండి. చుట్ట రెండు కొసల్లో రెండేసి మీటర్లు వదిలేయండి. మిగిలిన రీడింగుల సగటుకూ ప్రోబుకూ తేడా బయాస్. సగటు చుట్టూ చెదిరింది నాయిస్. కొలిచే సమయం నాలుగింతలు చేస్తే నాయిస్ సగమవుతుంది. బయాస్ రోజంతా కొలిచినా తగ్గదు. దూరపు పెట్టెలో నాయిస్ ఎక్కువ రావడం మామూలే, తిరిగొచ్చే వెలుగు అక్కడ పలచబడుతుంది. స్ప్లైస్ (ఫైబర్ అతుకు) దగ్గర రీడింగు మెట్టులా మారి, అక్కణ్ణుంచి చివరిదాకా అలాగే సాగితే అది వేడి కాదు. తిరిగొచ్చే వెలుగులో స్టోక్స్, యాంటీస్టోక్స్ అనే రెండు రంగుల నిష్పత్తితోనే యంత్రం వేడి లెక్కిస్తుంది; ఆ రెండూ ఆ జాయింటులో సమానంగా తగ్గలేదన్నమాట. కనెక్టరైతే తుడవండి, స్ప్లైసైతే మళ్లీ వేయండి. ఫైబర్‌ను లూపుగా తిప్పి తెచ్చి రెండు కొసల నుంచీ కొలిస్తే ఈ గొడవ చాలావరకు తీరుతుంది.

ఇక పల్స్, అంటే యంత్రం ఫైబర్‌లోకి పంపే లేజరు మెరుపు. 10 నానోసెకన్లంటే ఫైబర్‌లో దాదాపు మీటరు, అంతకన్నా చిన్న చోటును యంత్రం విడిగా చూడలేదు. 25 సెంటీమీటర్ల కేబుల్ జాయింటు చుట్టుపక్కల కన్నా 20 డిగ్రీలు వేడెక్కినా తెరమీద 5 డిగ్రీలే కనిపిస్తాయి, అలారం మోగదు. 25 సెంటీమీటర్లకో రీడింగు తీసినా లాభం లేదు, చుక్కలు దగ్గరవుతాయి, అంతే. జాయింటు మీదే నాలుగైదు మీటర్ల ఫైబర్ చుట్టేయండి.

తిరుమల ఘాట్ లాంటి కొండవాలులో నేల కదిలితే ఫైబర్‌లో వచ్చే సాగుడును కొలిచే బ్రిల్లవాన్ (మరో రకం వెలుగు చెదురుడు) లైనుకు చిక్కు వేరు. అక్కడ ఒక డిగ్రీ మార్పు సుమారు 20 మైక్రోస్ట్రెయిన్ (ఒక మైక్రోస్ట్రెయిన్ అంటే పొడవులో పది లక్షల వంతు సాగుడు) లాగే కనిపిస్తుంది. పగలు రాత్రి తేడా 10 డిగ్రీలుంటే, వాలు కదలకపోయినా 200 నమోదవుతుంది. ట్యూబులో వదులుగా ఉండే ఇంకో ఫైబర్‌ను పక్కనే వేసి, దాని మార్పును తీసేశాకే గ్రాఫు చూడండి.