ఆదికాండము మొదటి అధ్యాయాన్ని సైన్స్ చరిత్ర పక్కన పెట్టుకుని చదవడం ఎలా

మా సండే స్కూల్లో పదో తరగతి చదివే అమ్మాయి ఒకసారి అడిగింది, "అంకుల్, సూర్యుణ్ణి నాలుగో రోజున కదా చేశాడు, మరి మొదటి మూడు రోజులూ సాయంత్రం ఎలా అయింది?" అని. "దేవునికి అసాధ్యమైనది ఏదీ లేదమ్మా" అని దాటేశాను. తల ఊపింది గానీ, జవాబు దొరకలేదని ఆ ముఖమే చెప్పింది. ఆ ప్రశ్న నన్ను చాలాకాలం వదల్లేదు. తర్వాత చదువుకుంటూ పోతే తెలిసింది, సుమారు 1,600 ఏళ్ల కిందట ఉత్తర ఆఫ్రికాలో బిషప్‌గా ఉన్న అగస్టీన్ కూడా ఇదే ప్రశ్నతో ఏళ్ల తరబడి కుస్తీ పట్టాడని, సూర్యుడు లేని ఆ దినాలు మనం ఎరిగిన రోజుల్లాంటివి కావని, దేవుడు సమస్తాన్నీ ఒక్కసారిగానే చేశాడని చెప్పేదాకా వెళ్లాడని. అప్పటికి డార్విన్ లేడు, భూగర్భ శాస్త్రం లేదు. వచనాన్ని శ్రద్ధగా చదివినందుకే ఆయనకు ఆ ప్రశ్న వచ్చింది, ఆ అమ్మాయికి వచ్చిందీ అందుకే.

అందుకే ఇంట్లో పిల్లలకో యూత్ మీటింగ్‌లోనో ఈ అధ్యాయం చెప్పాల్సి వచ్చేవాళ్ల కోసం నేను చేసే పద్ధతి రాస్తున్నాను. నేను పట్టుకున్నది ఒకటే: వచనానికీ ఇవాళ్టి సైన్స్‌కీ నేరుగా ముడి వేయకండి, మనకంటే ముందు ఎవరెవరు అలా ముడి వేశారో, ఆ ముడులు ఏమయ్యాయో ముందు చూడండి.

మొదటి రోజు సైన్స్ మాట అసలు ఎత్తొద్దు. ఒక నోట్‌బుక్, పెన్సిల్ తీసుకుని 1:1 నుంచి 2:3 దాకా ఆపకుండా పైకి చదవండి. ఒకటో అధ్యాయం అయిపోగానే ఆపేస్తే ఏడో దినం పోతుంది. అధ్యాయాల విభజన 13వ శతాబ్దంలో వచ్చింది, రాసినవాళ్లు పెట్టింది కాదు. చదివాక పేజీ మధ్యలో గీత గీసి ఎడమవైపు 1, 2, 3 దినాలు, కుడివైపు 4, 5, 6 దినాలు రాయండి. ఒకటో దినం వెలుగు, ఎదురుగా నాలుగో దినం జ్యోతులు. రెండో దినం ఆకాశం, నీళ్లు, ఎదురుగా పక్షులు, చేపలు. మూడో దినం నేల, మొక్కలు, ఎదురుగా జంతువులు, మనిషి. ముందు చోటు సిద్ధం చేయడం, తర్వాత ఆ చోట్లో ఉండేవాళ్లను తేవడం. ఇది పిల్లల చేతే గీయించండి, మనం చెప్పేస్తే ఆ సంతోషం వాళ్లకు దక్కదు. (రెండో దినాన "మంచిదని చూచెను" అన్న మాట లేదని ఎవరో ఒకరు తప్పకుండా పట్టుకుంటారు.)

ఇక మాటల దగ్గర ఆగండి, నేను ఎక్కువ సమయం గడిపేది ఇక్కడే. 1:5లో "వెలుగునకు పగలనియు" అని ఉంది, అదే వచనం చివర "ఒక దినమాయెను" అని ఉంది. హీబ్రూలో రెండూ ఒకటే మాట, యోమ్. ఒకే వచనంలో ఒకసారి పగటిపూట, ఇంకోసారి అస్తమయంతో మొదలయ్యే రోజు. 2:4కి వెళ్తే "భూమిని ఆకాశమును చేసిన దినమందు" అని మొత్తం పనికి కలిపి మళ్లీ అదే మాట. దీన్నిబట్టి దినం అంటే లక్షల ఏళ్లని తేలిపోయిందనుకోవద్దు, అదీ తొందరపాటే. ఆ మాట ఎన్ని రకాలుగా వాడారో పక్కన రాసిపెట్టుకోండి, ప్రస్తుతానికి చాలు.

ఇంకో మాట "విశాలము". తెలుగులో చదివితే ఖాళీ చోటు, అంతరిక్షం అనిపిస్తుంది. హీబ్రూ మాట రఖీయ. దాని ధాతువే నిర్గమకాండము 39:3లో బంగారాన్ని రేకుగా కొట్టే చోట వస్తుంది. కంసాలి సుత్తితో కొట్టి కొట్టి బంగారాన్ని పలచగా సాగదీస్తాడే, అలా పరిచిన ఆకాశం, దానిపైన నీళ్లు. గ్రీకులోకి, లాటిన్‌లోకి అనువదించినవాళ్లు కూడా గట్టిదనం తెలిపే మాటలే వాడారు. ఆనాటి మధ్యప్రాచ్యంలో ఆకాశం అందరికీ అలాగే కనిపించేది. దేవుడు వాళ్లకు తెలిసిన ఆకాశంతోనే వాళ్లతో మాట్లాడాడు. నాకు ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ కనిపించదు, పైగా ఎంతో ఆప్యాయంగా అనిపిస్తుంది.

చుట్టుపక్కల వాళ్ల కథలు తెలిస్తే వచనం ఇంకా పదునెక్కుతుంది. బ్రిటిష్ మ్యూజియంలో జార్జ్ స్మిత్ అనే ఆయన మట్టి పలకల మీది రాతను చదివి 1872లో జలప్రళయ కథను, 1876లో బబులోను సృష్టి కథను బయటపెట్టాడు. అందులో మర్దుక్ అనే దేవుడు తియామత్ అనే సముద్ర దేవతను చంపి ఆమె దేహాన్ని రెండుగా చీల్చి, ఒక సగంతో ఆకాశం చేస్తాడు. ఆదికాండంలో యుద్ధమే లేదు, ఉన్నది మాట ఒక్కటే. బబులోనులో సూర్యుడు షమష్ అనే దేవుడు, ఇక్కడ అతనికి పేరు కూడా పెట్టలేదు, "పెద్ద జ్యోతి" అన్నారంతే. చంద్రుడు "చిన్న జ్యోతి". నక్షత్రాలకైతే ఒక్క మాట. సూర్యచంద్రులకు మొక్కే లోకంలో ఈ వచనం విన్నవాళ్లకు గుండె ఝల్లుమని ఉంటుంది.

రెండో రోజు చరిత్ర. ఒక్కో వ్యాఖ్యానం పక్కన అది వచ్చిన సంవత్సరం, అప్పటి సైన్స్ రాయండి. 1554లో ప్రొటెస్టంట్ సంస్కర్త కాల్విన్ తన వ్యాఖ్యానంలో ఈ జ్యోతుల దగ్గర, శని గ్రహం చంద్రుడికంటే పెద్దదని ఖగోళ శాస్త్రజ్ఞులు చూపిస్తున్నారని ఒప్పుకుని, మోషే మామూలు మనిషి కంటికి కనబడినట్టు రాశాడని చెప్పాడు. 1650లో ఆర్చిబిషప్ అషర్ సృష్టి క్రీ.పూ. 4004లో జరిగిందని లెక్క కట్టాడు. ఆయన్ని వెక్కిరించకండి, ఆయన లెక్క మొదటి భాగం మీరూ వేయండి. ఆదికాండము 5లో ఆదాముకు 130 ఏళ్లప్పుడు షేతు, షేతుకు 105 ఏళ్లప్పుడు ఎనోషు, ఇలా కూడుకుంటూ పోతే నోవహు పుట్టేసరికి సృష్టి నుంచి 1056 ఏళ్లు, ఆయన 600వ ఏట జలప్రళయం, అంటే సృష్టి నుంచి 1656. ఇప్పుడు గ్రీకు అనువాదం చూస్తే షేతు పుట్టినప్పుడు ఆదాముకు 230 ఏళ్లు. అలాంటి తేడాల వల్లే తూర్పు సంఘాల్లో సృష్టి సంవత్సరం క్రీ.పూ. 5509 అయింది. 4004 అనే అంకె వచనంలో ఎక్కడా లేదు. 1701 నుంచి ఇంగ్లిష్ బైబిళ్ల అంచుల్లో అచ్చవుతూ వచ్చి వాక్యంతో సమానమైపోయింది.

ఫ్రాన్స్‌లో బ్యూఫాన్ అనే ప్రకృతి శాస్త్రవేత్త రకరకాల సైజుల ఇనుప గుండ్లను ఎర్రగా కాల్చి, చల్లారడానికి ఎంతసేపు పడుతుందో చూసి, ఆ లెక్కను భూమికి అన్వయించాడు. 1778లో అచ్చు వేసినప్పుడు వచ్చింది సుమారు 75,000 ఏళ్లు, దాన్ని ఏడు యుగాలుగా విడగొట్టాడు, ఆరు దినాలూ ఏడో దినమూ గుర్తొచ్చేలా. ఆ ముడి ఎన్నాళ్లు నిలిచింది? 1862లో భౌతిక శాస్త్రవేత్త కెల్విన్ అదే చల్లారే లెక్కతో 2 కోట్ల నుంచి 40 కోట్ల ఏళ్లు అన్నాడు. తర్వాత రేడియోధార్మికత తెలిసింది, 1956లో ప్యాటర్సన్ అనే అమెరికా శాస్త్రవేత్త ఉల్కల్లోని సీసాన్ని కొలిచి 455 కోట్ల ఏళ్లని తేల్చాడు. బ్యూఫాన్ ఏడు యుగాల మీద విశ్వాసం కట్టుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్ల కాళ్ల కింద నేల ఎన్నిసార్లు జారి ఉంటుందో ఆలోచించండి.

ఇక్కడ రెండు వైపులా సరిచేయాల్సిన మాటలున్నాయి. "చర్చి ఎప్పుడూ సైన్స్‌ను అణిచేసింది" అంటారు. భూమి చాలా పాతదని ఇంగ్లండ్‌లో బోధించిన బక్లాండ్, సెడ్జ్‌విక్ ఇద్దరూ ఆంగ్లికన్ ఫాదర్లే. నేల పైపొరల్లోని కంకర మేటలన్నీ ఒకే జలప్రళయంతో వచ్చాయనే లెక్క సరిపోదని అర్థమయ్యాక, ఆ ప్రళయపు ఆనవాళ్ల గురించి తాను ముందు చెప్పింది తప్పని సెడ్జ్‌విక్ 1831లో భూగర్భ శాస్త్ర సంఘంలో నిలబడి చెప్పాడు. రెండోవైపు, "నిజమైన విశ్వాసులందరూ మొదటినుంచీ 6,000 ఏళ్లే నమ్మారు" అంటారు. 1814 నాటికే చామర్స్ అనే స్కాట్లాండ్ బోధకుడు 1:1కీ 1:2కీ మధ్య ఎంతో కాలం గడిచిందని చెప్పాడు, అదే మాట 1909లో స్కోఫీల్డ్ బైబిల్ నోట్స్‌లోకి ఎక్కి లక్షలమంది ఇళ్లలోకి వెళ్లింది. ఇవాళ యూట్యూబ్‌లో మనం చూసే 6,000 ఏళ్ల వాదన, రాతి పొరలన్నీ జలప్రళయంలోనే ఏర్పడ్డాయనే వాదన ఇంతగా పాకింది 1961లో 'ది జెనిసిస్ ఫ్లడ్' అనే పుస్తకం వచ్చిన తర్వాతే.

వాట్సాప్‌లో "బిగ్ బ్యాంగ్ ఆదికాండంలో ముందే ఉంది" అని వచ్చినప్పుడు సంతోషంతో ఫార్వర్డ్ చేయకుండా, ఆ బిగ్ బ్యాంగ్ సిద్ధాంతానికి పునాది వేసిన లెమేట్ర్‌ను గుర్తుచేసుకోండి. విశ్వం వ్యాకోచిస్తోందని 1927లో లెక్కగట్టిన ఆయన కాథలిక్ ఫాదర్. 1951లో పోప్ ఆ సిద్ధాంతాన్ని సృష్టికి సాక్ష్యంగా చూపినట్టు మాట్లాడితే అందరికంటే ఇబ్బంది పడింది ఆయనే. విశ్వాసాన్ని ఒక సిద్ధాంతానికి కట్టేస్తే రేపు సిద్ధాంతం మారితే ఏమిటన్నది ఆయనకు బాగా తెలుసు.

వీలైతే మూడో రోజు పిల్లలను బయటికి తీసుకెళ్లండి. హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్నవాళ్లకు దూరం కూడా అక్కర్లేదు, అక్కడి గుట్టల గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఒక బండ మీద కూర్చోబెట్టి 104వ కీర్తన చదివించండి, కొండలు, నీటి ఊటలు, కొండమేకలు అన్నీ అందులో ఉన్నాయి, సృష్టి గురించే గానీ దినాల లెక్క ఒక్కటీ లేదు. "మరి ఇది ఎప్పుడు చేశాడు?" అని ఎవరైనా అడిగితే బండ వయసు చెప్పండి. "ఎవరు చేశారు?" అంటే కీర్తన చదవండి. రెండు ప్రశ్నలూ వేరని వాళ్లే పట్టుకుంటారు.

ఆ అమ్మాయికి ఇప్పుడు పెళ్లయి బెంగళూరులో ఉంటోంది. మొన్న క్రిస్మస్‌కి ఊరొచ్చినప్పుడు నోట్‌బుక్‌లో గీత గీసి చేతికిచ్చాను. ఎడమ పక్క వెలుగు, కుడి పక్క జ్యోతులు తనే రాసుకుని, కాసేపు చూసి, "ఓహ్, ఇది వరస కాదా అంకుల్, అమరికా?" అంది. తర్వాత అగస్టీన్ గురించి గంటసేపు అడుగుతూనే ఉంది.