కొత్తిమీర కుండీలో ఎప్పుడు వేయాలి, కూరలో ఎప్పుడు వేయాలి

శ్రీకాకుళం, విజయనగరం వైపు ఉన్న మనకి ఇంట్లో నాలుగు రకాల ఆకులు పెంచుకోవడం కష్టమేమీ కాదు. డాబా మీదో, వీధి అరుగు పక్కనో కాస్త ఎండ పడితే చాలు. కాకపోతే ఏ నెలలో ఏది వేయాలో తెలియాలి. చాలామంది ఏప్రిల్‌లో కొత్తిమీర వేసి, అది రాక, మొక్కలు మనకి పడవని వదిలేస్తారు.

కొత్తిమీర చలికాలం పంట. దసరా వెళ్లాక మొదలుపెట్టి సంక్రాంతి దాటేదాకా రెండు వారాలకో డబ్బా చొప్పున వేసుకుంటూ పోతే ఆకు తెగకుండా వస్తుంది. వంటింట్లో ఉన్న ధనియాలు కొత్తవైతే అవే చాలు. ఒక్కో ధనియంలో రెండు గింజలుంటాయి కాబట్టి అప్పడాల కర్రతో మెల్లగా ఒత్తి రెండు బద్దలు చేసి, పొడి కాకుండా చూసుకుని, రాత్రంతా నానబెట్టి, అర అంగుళం లోతులో చల్లండి. మొలక రావడానికి ఎనిమిది నుంచి పన్నెండు రోజులు పడుతుంది, ఈలోగా తవ్వి చూడొద్దు. నలభై రోజులకి కోతకొస్తుంది. మొక్కని పీకకుండా, నడుమ చిన్నాకులు వదిలి పక్క కాడలు కోస్తే మళ్లీ చిగురేస్తుంది.

మట్టి, బాగా మాగిన పశువుల గెత్తం, కొబ్బరి పొట్టు సమానంగా కలపండి. పొట్టులో ఉప్పు ఉంటుంది, ముందు రెండు మూడుసార్లు మంచినీళ్లతో కడగాల్సిందే. డబ్బా అడుగున చిల్లులు తప్పనిసరి. ఇంకో మాట, అక్టోబరంటే మనకి తుపానుల నెల, 2018లో తిత్లీ వచ్చిందీ అప్పుడే. హెచ్చరిక వినగానే పిట్టగోడ మీది కుండీలన్నీ కిందకి దించేయండి.

మార్చి నుంచి కొత్తిమీర పూతకొచ్చేస్తుంది, దాంతో పోరాడొద్దు. ఆ పచ్చి ధనియాలు దంచి చారులో వేయండి, ఎంత బాగుంటుందో. వేసవికి పుదీనా, వామాకు పెట్టుకోండి. పుదీనా ఆకు తుంచేశాక మిగిలిన గట్టి కాడలు నీళ్లలో ఉంచితే వారంలో వేళ్లొస్తాయి. దానికి వేరే తొట్టి ఇవ్వండి, లేకపోతే పక్క మొక్కల్ని బతకనివ్వదు. పొద్దుటి ఎండ చాలు దానికి. వామాకు కొమ్మ గుచ్చితే బతుకుతుంది, నీళ్లెక్కువైతేనే కుళ్లుతుంది.

కరివేపాకుకి పెద్ద తొట్టి కావాలి. మోకాలెత్తు పెరిగాక తల తుంచితే గుబురుగా వస్తుంది. ఆకులు ఒక్కొక్కటిగా గిల్లకుండా రెమ్మంతా కోయండి. పక్షి రెట్టలా కనిపించే పురుగులు సీతాకోకచిలుకవి, చేత్తో ఏరేస్తే సరిపోతుంది. మరీ ఎక్కువైతే లీటరు నీళ్లకి 5 మి.లీ. వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి చల్లి, వారం పాటు ఆకు కోయకండి. కళింగపట్నం, భావనపాడు లాంటి చోట్ల ఉండేవాళ్లు సముద్రపు గాలి నేరుగా తగలని వైపు పెట్టుకోవాలి.

ఇక వంట. ఇంత కష్టపడి పెంచిన కొత్తిమీరని పొయ్యి మీద ఉడికించేస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది! వాసన ఆవిరితో పోతుంది కదా. చేపల పులుసు చేసేటప్పుడు కాడలు సన్నగా తరిగి ఉల్లిపాయతో పాటు వేయించండి, ఆకు మాత్రం పొయ్యి ఆపాక చల్లి, మూతపెట్టి ఐదు నిమిషాలు వదిలేయండి. కరివేపాకు దీనికి పూర్తిగా వ్యతిరేకం, దాని వాసన నూనెలోకి దిగాలి, అందుకే పోపులో వేస్తాం. పచ్చిగా బాగుండేది ఒక్క చోడి (రాగి) అంబలిలోనే, మజ్జిగ, ఉల్లిపాయ ముక్కలతో పాటు చిదిమి వేసుకోవాలి. పచ్చడికి పుదీనా వాడితే వడలేదాకా వేయించి దించేయండి, ఎక్కువసేపు ఉంచితే నల్లబడి చేదెక్కుతుంది. వామాకు బజ్జీకి ఆకు తడి లేకుండా తుడిచి, నాలుగు వంతుల శనగపిండికి ఒక వంతు బియ్యప్పిండి కలిపి ముంచి వేయించండి. పిండిలో మళ్లీ వాము వేయక్కర్లేదు.