బాక్సింగ్ టైటిల్ ఫైట్‌ని గుంటూరులో కూర్చుని చూడాలంటే

లాస్ వేగాస్‌లో శనివారం రాత్రి ఫైటంటే మనకు ఆదివారం పొద్దున. అక్కడి రాత్రి 8 గంటలు మనకు ఎండాకాలంలో 8.30, చలికాలంలో 9.30. లండన్‌లోనో రియాద్‌లోనో అయితే తెల్లవారుజాముకి అలారం పెట్టాల్సిందే.

ముందు వారమే ఇద్దరి పాత ఫైట్లు చూడండి. హైలైట్లు కాదు, పూర్తి రౌండ్లు. ఒకరిది ఎడమచేతి వాటమైతే ఎవరి ముందుకాలు అవతలివాడి ముందుకాలికి బయటివైపు పడుతోందో గమనించండి, సగం ఫైట్ అక్కడే అర్థమవుతుంది.

మా బ్రాడీపేట మేడగదికి కుర్రాళ్లని అండర్‌కార్డ్, అంటే అసలు ఫైట్‌కి ముందు జరిగే ఫైట్లు, మొదలయ్యేసరికే రమ్మంటాను. ఇడ్లీలు, అల్లం పచ్చడి ముందే తెచ్చిపెట్టుకోండి, రౌండ్ల మధ్య విరామం ఒక్క నిమిషమే.

స్కోర్ రాసుకోవడానికి తలా ఒక కాగితం ఇవ్వండి. నాకిదే అన్నిటికన్నా ముఖ్యం. 12 రౌండ్లు, రౌండ్‌కి 3 నిమిషాలు. రౌండ్ గెలిచినవాడికి 10, రెండోవాడికి 9, ఒకసారి కింద పడితే మామూలుగా 8. గ్లవ్స్ మీద ఆగిన దెబ్బలు లెక్కలోకి రావు. జనం అరుపులకీ కామెంటరీకీ మనసు లాగేస్తుంది కాబట్టి నేను సౌండ్ ఆపేస్తాను. బెల్ మోగగానే రాసేయండి, తర్వాత దిద్దొద్దు. ముగ్గురు జడ్జీల స్కోర్లు చదివేటప్పుడు మాత్రం సౌండ్ పెట్టండి.