మొదటి రైఫిల్ పోటీకి వెళ్తున్నారా?

తాతల కాలం నాటి వేట కబుర్లు ఎన్నైనా చెప్పుకోవచ్చు గానీ, 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక చెన్నైలో మనలాంటి వాళ్లకు మిగిలింది రేంజ్‌లో గురే. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌తో మొదలుపెట్టండి. ఎలక్ట్రానిక్ టార్గెట్ మీద 60 షాట్లకు 75 నిమిషాలు; అంతకుముందు సర్దుకోవడానికి, సైటింగ్‌కి (గురి సరిచూసుకునే షాట్లకి) 15 నిమిషాలిస్తారు, అప్పుడు కాల్చినవి లెక్కలోకి రావు. పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే, పెన్ను మొనతో పెట్టినట్టుంటుంది! ఊపిరి కొంచెం వదిలి ఆపండి, ట్రిగ్గర్‌ని గుంజకుండా మెల్లగా నొక్కండి. పది సెకన్లలోపు పేలకపోతే రైఫిల్ దించేయండి. పోయిన మేలో నేను మొండికేసి ఒక షాట్ ఏడులో పడేసుకున్నాను. ఈ ఊరి ఉక్కకి షూటింగ్ జాకెట్ లోపల చెమట కారిపోతుంది, తువ్వాలు తప్పనిసరి. ఫైరింగ్ లైన్ వదిలే ముందు గన్ ఖాళీ చేసి, అది ఖాళీ అని చూపే సేఫ్టీ ఫ్లాగ్ పెట్టండి.