జూపిటర్‌హబ్‌లో వెబ్ యాప్: లాగిన్ వెనకాలే నడపడం

జూపిటర్‌హబ్ అంటే చాలామందికి లాగిన్‌తో నోట్‌బుక్ సర్వర్లు ఇచ్చే వ్యవస్థ. మీ వెబ్ యాప్‌ను అదే లాగిన్ వెనకాల చూపడానికి జూపిటర్-సర్వర్-ప్రాక్సీని పిప్‌తో (పైథాన్ ప్యాకేజీలు పెట్టే సాధనం) ఇన్‌స్టాల్ చేయండి. మీ నోట్‌బుక్ సర్వర్ నడిచే ఎన్విరాన్‌మెంట్‌లోనే చేయాలి. కెర్నల్ (నోట్‌బుక్ కోడ్‌ను నడిపే ప్రక్రియ) ఎన్విరాన్‌మెంట్ వేరుగా ఉంటే, అందులో మాత్రమే పెడితే పని చేయదు. తర్వాత సర్వర్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టాలి.

యాప్‌ను 127.0.0.1 (ఆ యంత్రం లోపలికే పరిమితమైన చిరునామా) మీద, ఉదాహరణకు 8050 పోర్టులో నడపండి. 0.0.0.0 (యంత్రపు అన్ని నెట్‌వర్క్ చిరునామాలు) ఇస్తే లాగిన్ లేకుండానే బయటివాళ్లు చేరే ప్రమాదం ఉంది. బ్రౌజర్‌లో మీ సర్వర్ చిరునామా తర్వాత ప్రాక్సీ, పోర్టు నంబరు వస్తాయి (/proxy/8050/ లాగా); చివరి స్లాష్ మరవకండి, లేకపోతే రిలేటివ్ లింకులు తప్పుతాయి.

పేజీ తెల్లగా వస్తే చాలాసార్లు కారణం ఒకటే: యాప్ తన ఫైళ్లను సైట్ మూలం నుంచి అడుగుతోంది. డ్యాష్‌లో (పైథాన్‌తో వెబ్ యాప్‌లు కట్టే ఫ్రేమ్‌వర్క్) requests_pathname_prefix కు ప్రాక్సీ, పోర్టుతో సహా పూర్తి దారి, routes_pathname_prefix కు ఒట్టి స్లాష్ ఇవ్వండి.

ఒకే యంత్రాన్ని పదిమంది పంచుకుంటుంటే లోకల్ పోర్టు కూడా రహస్యం కాదు. పక్క యూజర్ ప్రాక్సీని దాటేసి నేరుగా తాకగలడు. అక్కడ యూనిక్స్ సాకెట్ (పోర్టుకు బదులు ఒక ఫైల్ ద్వారా కలిపే మార్గం) వాడటమే మేలు, ఫైల్ అనుమతులు మీ ఒక్కరికే ఉంచి.